చాయ్‌లో గోలీ సరే, జేబులో గ్లూకోజ్ ఏదీ?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా గుర్రంపోడు దగ్గర ఊరు. నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. మా ఆయనకు 58 ఏళ్లు. షుగర్ వచ్చి ఆరేళ్లయింది. మూడు మందులు కలిసిన గోలీ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటాడు. మొన్న పరీక్ష చేయిస్తే మూడు నెలల షుగర్ 8.4 వచ్చింది. ఆయనకు చాయ్ పిచ్చి. రోజుకు అయిదుసార్లు కావాలి, ప్రతిసారీ రెండు చెంచాల చక్కెర పడాలి. నెల కింద మా అబ్బాయి హైదరాబాద్ నుంచి షుగర్ ఫ్రీ గోలీల డబ్బా తెచ్చి, ఇంట్లో ఉన్న చక్కెర డబ్బాను అటకెక్కించాడు. మా ఆడబిడ్డేమో ‘ఆ గోలీలతో క్యాన్సర్ వస్తుంది, బెల్లం వేసి ఇవ్వు వదినా’ అంటుంది. మరిది నర్సరీ నుంచి స్టీవియా అనే తీపి ఆకుల మొక్క తెచ్చి పెరట్లో పెట్టాడు. ఎవరి మాట వినాలి? నేను కూడా చక్కెర మానేసి ఆ గోలీలే వేసుకుంటే బరువు తగ్గుతానా? బతుకమ్మ పండుగ వస్తోంది, మలీద ఎట్లా చెయ్యాలి? ఇంకో మాట. పోయిన వారం మధ్యాహ్నం తోటలో ఆయనకు చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగాయి. ఎండకు అనుకుని గోలీ వేసిన చాయ్ ఇచ్చి పడుకోబెట్టాను. కాసేపటికి అన్నం పెడితే తిని లేచాడు.

– ఒక సోదరి

జవాబు: అక్కా, మీరు చివర ‘ఇంకో మాట’ అని రాసిన దానితోనే మొదలుపెడతాను. చక్కెరా, గోలీయా, బెల్లమా అన్నది నిదానంగా తేల్చుకోవచ్చు. తోటలో జరిగింది మాత్రం ఈ వారంలోనే మళ్లీ జరగొచ్చు.

చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, అదీ మధ్యాహ్నం అన్నానికి ముందు, తోటలో ఉన్నప్పుడు! అప్పుడు రక్తం పరీక్ష చేసి చూడలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేం కానీ, మీరు రాసిన తీరు చూస్తే ఎండదెబ్బ కంటే షుగర్ పడిపోయినట్టే ఉంది. అన్నం తిన్నాక లేచి కూర్చున్నాడంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. మూడు నెలల షుగర్ 8.4 ఉన్న మనిషికి షుగర్ ఎట్లా పడిపోతుందని మీరు అడగొచ్చు. 8.4 అనేది మూడు నెలల సగటును చూపించే లెక్క. రాత్రి భోజనం తర్వాత 280 ఉండి, మర్నాడు మధ్యాహ్నం 60కి పడిపోయే మనిషికి కూడా సగటు ఎక్కువే వస్తుంది.

ఇప్పుడు ఆయన గోలీ సంగతి. మన దగ్గర ‘మూడు మందుల గోలీ’ అంటే ఎక్కువగా మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, వోగ్లిబోస్ కలిసినది. ఆ పేర్లు అవునో కాదో గోలీల షీటు వెనక చూడండి, లేదా మెడికల్ షాపులో చదివించుకోండి. వీటిలో గ్లిమెపిరైడ్ పని, క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయించడం. మనిషి తిన్నాడా లేదా అన్నది అది చూడదు. వాన రాకపోయినా బ్యాంకు కిస్తీ ఆగదు కదా, అట్లాగే అన్నం ఆలస్యమైనా దాని పని అది చేసుకుపోతుంది. ఇన్నాళ్లూ రోజుకు పది చెంచాల చక్కెర లోపలికి పోతుండగా ఆ మోతాదు నడిచింది. నెల కింద మీ అబ్బాయి మంచికే చక్కెర మొత్తం ఒక్కసారిగా మాన్పించాడు. మందు మోతాదు మాత్రం అదే ఉంది. పొద్దున చాయ్‌లో చక్కెర లేదు, తర్వాతి చాయ్‌లోనూ లేదు, అన్నం ఇంకా కడుపులో పడలేదు. ఇవన్నీ కలిసొస్తే తోటలో జరిగింది జరుగుతుంది.

ఆ సమయంలో మీరిచ్చిన చాయ్ ఆయనకు పెద్దగా అక్కరకు రాలేదు. షుగర్ ఫ్రీ గోలీ నాలుకకు తీపి రుచి ఇస్తుంది, రక్తానికి ఏమీ ఇవ్వదు. మామూలు రోజున మనకు కావలసింది అదే. షుగర్ పడిపోయిన రోజున మాత్రం అదే గుణం ప్రమాదం తెస్తుంది. షుగర్ ఫ్రీ వాడే ప్రతి ఇంట్లో ఈ ముక్క అందరికీ తెలిసి ఉండాలి. డబ్బా తెచ్చిచ్చే పిల్లలు దీన్ని చెప్పరు, దుకాణంవాళ్లూ చెప్పరు.

మరి ఏం ఇవ్వాలి? గ్లూకోజ్ పొడి. మెడికల్ షాపులో, కిరాణా కొట్టులో దొరికేదే. మూడు చెంచాలు, అంటే దాదాపు 15 గ్రాములు, అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట ఆగి, తగ్గకపోతే మళ్లీ అంతే. ఇంట్లో షుగర్ చూసుకునే మిషన్ ఉంటే చూడండి. 70 కంటే తక్కువ ఉంటే పడిపోయినట్టు. తేరుకున్నాక అన్నమో రొట్టో కడుపులో పడాలి, లేకపోతే గంటలో మళ్లీ దిగుతుంది. చక్కెర నీళ్లు చాలవా అంటే, గోలీలో వోగ్లిబోస్ లేకపోతే చాలు. ఆ మందు ఉంటే పేగుల్లో చక్కెర విరిగి రక్తంలోకి చేరడం నెమ్మదిస్తుంది, అందుకే నేరుగా గ్లూకోజ్ కావాలి. తోట నిండా బత్తాయిలున్నా ఆ సమయంలో పండు ఒలిచి తినిపించడం కంటే గ్లూకోజే త్వరగా పనిచేస్తుంది. ఒక చిన్న పొట్లం ఆయన చొక్కా జేబులో, ఇంకొకటి మోటారు గదిలో పెట్టండి. తోటలో పనికొచ్చేవాళ్లకు కూడా చెప్పి ఉంచండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏదీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

కల్లు గురించి మీరు రాయలేదు. ఆయనకు అలవాటుంటే, గ్లిమెపిరైడ్ వాడుతూ పరగడుపున కల్లు గానీ వేరే మద్యం గానీ తాగితే షుగర్ ఇంకా లోతుకు పడిపోతుంది. తాగినవాడు తూలుతున్నాడనుకుని చుట్టుపక్కలవాళ్లు వదిలేస్తారు కూడా.

ఈ వారంలోనే డాక్టరు దగ్గరకు వెళ్లండి. గోలీల షీటు పట్టుకుపోండి. ‘నెల నుంచి చక్కెర పూర్తిగా మానేశాడు, పోయిన వారం ఇట్లా అయింది’ అని రెండు ముక్కలూ చెప్పండి. మోతాదు మార్చాలో, మందే మార్చాలో ఆయన చూస్తాడు. మీ అంతట మీరు మందు గోలీ ఆపొద్దు. అటక మీది చక్కెర డబ్బా కూడా కిందికి దింపండి. ఇంటికొచ్చిన చుట్టాలు చాయ్ తాగొద్దా!

ఇప్పుడు మీరు అడిగిన దాని దగ్గరకు వద్దాం.

చాయ్‌లో గోలీ వేయడం నాకు సమ్మతమే. మీ అబ్బాయి చేసిన పనిలో తప్పు లేదు, డాక్టరుకు చెప్పకుండా ఒక్కసారిగా చేయడంలోనే ఉంది. లెక్క చూడండి. చిన్న చెంచా చక్కెర అంటే 4 నుంచి 5 గ్రాములు. అయిదు చాయ్‌లు, పది చెంచాలు, రోజుకు 40 నుంచి 50 గ్రాములు. ఒక్క మనిషి చాయ్ కోసమే నెలకు కిలో పావు నుంచి కిలోన్నర చక్కెర. రోజంతా కలిపి చక్కెర 50 గ్రాములు దాటకూడదని, 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు. బావగారు చాయ్‌లోనే ఆ కోటా అంతా అవగొట్టేవారు.

నేను పాటించే కొలత ఒకటి చెబుతాను. ఎక్కడైతే చక్కెర ఒక్కటే తంటానో అక్కడ గోలీ పనిచేస్తుంది. చాయ్ అట్లాంటిదే: నీళ్లు, ఆకు, కొంచెం పాలు, చక్కెర. చక్కెర తీసేస్తే పాలలోని కాస్త తీపి తప్ప భయపడాల్సింది లేదు. ఎక్కడైతే చక్కెరకు తోడు మైదా, కోవా, నెయ్యి, బియ్యప్పిండి ఉంటాయో అక్కడ చక్కెర ఒక్కటి తీసేసి గోలీపొడి కలిపినంత మాత్రాన అది షుగర్‌వాళ్ల తిండి అయిపోదు. పైగా ‘ఇది షుగర్ ఫ్రీయే కదా’ అన్న ధైర్యంతో ఒకటికి మూడు తింటారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాయ్‌లో గోలీ వేసుకుని చెడిపోయినవాళ్లను నేను చూడలేదు. షుగర్ ఫ్రీ మిఠాయిల డబ్బాలతో చెడిపోయినవాళ్లను మాత్రం ప్రతి దసరాకూ చూస్తుంటాను.

మీ ఆడబిడ్డగారి క్యాన్సర్ భయం గాలిలోంచి వచ్చింది కాదు, కాబట్టి కొట్టిపారేయను. షుగర్ ఫ్రీ గోలీల్లో కొన్నింట్లో ఆస్పర్టేమ్ అనే పదార్థం ఉంటుంది. 2023 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అన్న వర్గంలో చేర్చింది. టీవీల్లో, వాట్సాప్‌లో వచ్చింది అంతవరకే. ఆ వర్గంలో పెట్టారంటే ఆధారాలు పరిమితంగా ఉన్నాయి, ఇంకా పరిశోధన జరగాలి అని అర్థం. ఎంత తింటే ప్రమాదం అన్నది ఆ వర్గీకరణ చెప్పదు. అది చూసేది వేరే నిపుణుల సంఘం. వాళ్లు అదే నెలలో పాత హద్దునే ఉంచారు: ఒంటి బరువులో ప్రతి కిలోకు రోజుకు 40 మిల్లీగ్రాములు. బావగారు 60 కిలోలు ఉన్నారనుకుందాం. రోజుకు 2,400 మిల్లీగ్రాములు. ఒక చిన్న గోలీలో ఆస్పర్టేమ్ మామూలుగా 20 మిల్లీగ్రాములకు మించదు. అంటే ఆ హద్దు దాటాలంటే రోజుకు వంద గోలీలకు పైగా మింగాలి. చాయ్‌కి రెండు చొప్పున అనుకున్నా ఆయన వేసుకునేది పది. అంతకుముందు తరంలో శాక్రిన్ అనే పాత తీపి పదార్థం మీద కూడా ఇట్లాంటి భయమే నడిచింది. 1970లలో ఎలుకలకు మూత్రాశయంలో గడ్డలు వచ్చాయని గొడవైంది. అది ఎలుకల ఒంటి తీరు వల్ల వచ్చిందే తప్ప మనుషులకు వర్తించదని తేలి, 2000లో అమెరికా దాన్ని క్యాన్సర్ కారకాల జాబితా నుంచి తీసేసింది.

అట్లాగని అన్నీ ఒకటే అని కాదు. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఏముందో మీ అబ్బాయి చేత చదివించండి. ఆస్పర్టేమ్ ఉంటే చాయ్‌తో పాటు మరిగించొద్దు, వేడికి దాని తీపి పోతుంది. కప్పులో పోశాక వేయండి. ఫినైల్‌కీటోన్యూరియా అనే అరుదైన పుట్టుక జబ్బు ఉన్నవాళ్లు దాన్ని ముట్టకూడదు, డబ్బా మీదే రాసి ఉంటుంది. సుక్రలోజ్ అనే ఇంకో రకం తీపి పదార్థం అయితే మరిగే చాయ్‌కి తట్టుకుంటుంది. కానీ దాన్ని నూనెలో వేగే పిండివంటల్లోనో, పొయ్యిలో కాల్చే కేకుల్లోనో వాడొద్దు. 120 డిగ్రీలు దాటిన వేడికి అది విరిగి హానికర పదార్థాలు తయారయ్యే అవకాశం ఉందని జర్మనీ ఆహార భద్రత నిపుణులు 2019లో హెచ్చరించారు. నీళ్లు మరిగేది వంద డిగ్రీల దగ్గర, కాబట్టి చాయ్‌కి ఆ భయం లేదు.

గోలీల కంటే పొడుల విషయంలో నాకు కొంచెం అనుమానం ఎక్కువ. తీపి పదార్థం చిటికెడులో చిటికెడు కాబట్టి, చెంచా నిండడానికి ఏదో ఒకటి కలపాలి. కొందరు మాల్టోడెక్స్‌ట్రిన్ కలుపుతారు. అది పిండి నుంచి తీసింది, రక్తంలోకి వేగంగా పోతుంది. చిన్న ప్యాకెట్‌లో ఉండేది గ్రాము లోపే కాబట్టి ఒక చాయ్‌కి ఫరవాలేదు. అదే పెద్ద డబ్బా కొని పాయసంలో గుప్పెళ్లతో పోస్తే లెక్క మారుతుంది. మరికొన్నింట్లో ఎరిత్రిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. ‘స్టీవియా’ అని పెద్ద అక్షరాలు ఉన్న పొడుల్లో కూడా బరువులో ఎక్కువ భాగం ఇదే ఉండొచ్చు. రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువున్న గుండె రోగుల్లో గుండెపోటు, పక్షవాతం ఎక్కువ కనిపించాయని 2023లో ఒక అమెరికా అధ్యయనం వచ్చింది. ఎరిత్రిటాలే కారణమని అది రుజువు చేయలేదు. కానీ షుగర్ ఉన్న మనిషి గుండె సంగతి ముందే నాజూకు. వేరేవి దొరుకుతున్నప్పుడు, అది లేనిదే కొనమని చెబుతాను.

ఇక బెల్లం. వదినామరదళ్ల మధ్య గొడవ పెట్టడం నాకు ఇష్టం లేదు గానీ, ఈ విషయంలో ఆమె మాట వినకండి. చక్కెరలో ఉన్న తీపి పదార్థమే బెల్లంలోనూ ఉంది. ఇంకా కొంత తేమ, కాస్త ఇనుము, కొన్ని లవణాలు అదనం. చాయ్‌లో వేసే పది గ్రాముల బెల్లంతో వచ్చే ఇనుము చెప్పుకోదగ్గంత ఉండదు. గుప్పెడు పల్లీలో, ఒక పూట తోటకూరో తింటే అంతకంటే నయం. రక్తంలో షుగర్ పెరగడంలో మాత్రం బెల్లానికీ చక్కెరకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. తాటిబెల్లమూ అంతే, తేనె అంతే, ఇప్పుడు కొత్తగా వస్తున్న ‘ఆర్గానిక్ బ్రౌన్ షుగర్’ కూడా అంతే. రంగు ముదురైతే గుణం మారుతుందని మనవాళ్లకు ఎందుకో గట్టి నమ్మకం. బెల్లంతో ఇంకో తంటా ఉంది. మంచిదన్న పేరుంది కాబట్టి చక్కెర రెండు చెంచాలు వేసేవాళ్లు బెల్లం మూడు చెంచాలు వేస్తారు. నీరా కూడా తియ్యగా ఉండేది లోపలి చక్కెర వల్లే. పులియని నీరా కల్లు కాదు కాబట్టి షుగర్‌వాళ్లు తాగొచ్చని ఎవరైనా చెప్తే నమ్మొద్దు.

మీ మరిది తెచ్చిన స్టీవియా మొక్క మంచి మొక్కే. ఆకు నిజంగానే తియ్యగా ఉంటుంది, షుగర్ పెంచదు. కాకపోతే ప్రయోగశాలల్లో పరీక్షించి, మన దేశ ఆహార భద్రత సంస్థ సహా పలు దేశాలు అనుమతి ఇచ్చింది ఆకులోంచి తీసి శుద్ధి చేసిన పదార్థానికి. పెరట్లో ఆకుకు అంత లెక్కాపత్రం లేదు. చాయ్ మరిగేటప్పుడు ఒకటి రెండు ఆకులు వేస్తే ఏమీ కాదు, కొంచెం గడ్డివాసన, చివర్లో చేదు తగులుతాయి. కానీ ఆకులు ఎండబెట్టి పొడి చేసి పొద్దునా సాయంత్రం చెంచాడు మింగించడం, ‘షుగర్ మందు’ అని కషాయం కాచడం వద్దు. ఆకు తింటున్నా కదా అని మందు గోలీలు ఆపేసినవాళ్లు దవాఖానలో పడ్డ తీరు మన పక్క కొత్తేం కాదు. మొన్నటిదాకా ఇన్సులిన్ మొక్క, అంతకుముందు పొడపత్రి, ఇప్పుడు ఇది.

తీపి తగ్గించే పద్ధతి ఒకటి చెబుతాను. ఇప్పుడు చాయ్‌కి రెండు గోలీలు వేస్తున్నారనుకుంటా. రెండు వారాలు పోయాక ఒకటిన్నర చేయండి, ఇంకో రెండు వారాలకు ఒకటి. నాలుక తీపికి అలవాటు పడినట్టే తక్కువ తీపికీ అలవాటు పడుతుంది, కొన్ని వారాలు పడుతుంది అంతే. అయిదు చాయ్‌ల్లో ఒకటి మజ్జిగ చేయగలిగితే మరీ మంచిది, ముఖ్యంగా ఎండపూట. ఒకేసారి అంతా మానేయమంటే ఆయన హోటల్లో తాగొస్తాడు. అక్కడ చక్కెర ఎంత వేస్తారో మనకు తెలియదు, ‘చక్కెర తక్కువ’ అని చెప్పినా పాలల్లో ముందే కలిపి ఉంటుంది.

మిఠాయిల దుకాణం వైపు వెళ్దాం. ప్యాకెట్ మీద ‘షుగర్ ఫ్రీ’ అని రాయాలంటే మన దేశంలో నిబంధన ఉంది. వంద గ్రాముల్లో చక్కెరలు అర గ్రాము మించకూడదు. ‘చక్కెర కలపలేదు’ అని రాయడం వేరు. ఖర్జూరం లడ్డూలో చక్కెర కలపలేదన్నది నిజమే. ఎండు ఖర్జూరం బరువులోనే మూడింట రెండు వంతుల దాకా చక్కెరలు ఉంటాయి మరి. డయాబెటిక్ బిస్కెట్ అని వచ్చేవాటిలో పిండి పిండే. తీపికి మాల్టిటాల్ లాంటివి వాడతారు. అది చక్కెర కంటే తక్కువగానే అయినా షుగర్ పెంచుతుంది, ఎక్కువ తింటే కడుపు ఉబ్బి విరేచనాలవుతాయి. బస్టాండ్‌లో కొనుక్కుని ప్యాకెట్ మొత్తం బస్సులోనే ఖాళీ చేసేవాళ్లు అనుభవంతో చెప్పగలరు.

మలీద సంగతికి వస్తే, నేను పొడి కలపమని చెప్పను. సజ్జ రొట్టెతోనో గోధుమ చపాతీతోనో మలీద కట్టాలంటే ముద్ద కట్టించేది బెల్లమే. దాని బదులు షుగర్ ఫ్రీ పొడి వేస్తే రొట్టె పొరటులాగా రాలిపోతుంది, రుచీ ఉండదు. అందరికీ చేసినట్టే చేయండి, బెల్లం మాత్రం రెండు పాళ్లు వేసే చోట ఒకటిన్నర వేసి, వేయించిన నువ్వులు, పల్లీలు దంచి ఎక్కువ కలపండి. బావగారికి నిమ్మకాయంత ముద్ద. అందులో బెల్లం పది గ్రాముల లోపే ఉంటుంది, రెండు చెంచాల చక్కెరతో సమానం. చాయ్‌లో రోజూ పది చెంచాలు మిగిలిస్తున్న మనిషికి సద్దుల బతుకమ్మ నాడు రెండు చెంచాలు దక్కకూడదా? పరగడుపున కాకుండా అన్నం తిన్నాక తినాలి. ఆ పూట పులిహోర, పెరుగన్నం, కొబ్బరి సద్ది అన్నీ కొద్దికొద్దిగానే పెట్టండి. నిజానికి పండుగ నాడు ఆయన షుగర్‌ను పెంచేది మలీద కంటే ఆ అయిదారు రకాల అన్నాలే.

మామూలు రోజుల్లో కూడా అంతే. మీ ఉత్తరంలో చాయ్ గురించి ఉంది, చక్కెర గురించి ఉంది, అన్నం గురించి ఒక్క మాట లేదు. వండిన అన్నం ఒక కప్పు, అంటే 150 గ్రాములు, తింటే దాదాపు 40 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోతుంది. తోటపని చేసే మనిషి ఒక్కసారికి మూడు కప్పులు తినడం మన దగ్గర మామూలే. అది 120 గ్రాములు. చాయ్‌లో రోజంతా వేసుకున్న చక్కెర కంటే రెట్టింపుకు మించి, ఒకే పూటలో, అంతా చివరికి గ్లూకోజ్‌గానే మారుతుంది. ఆయన 8.4కి ముఖ్య కారణం ఇక్కడే ఉండి ఉంటుందని నా అంచనా. అన్నం ఒకటిన్నర కప్పుకు దించి, మిగతా జాగాలో పప్పు, కూర, గుడ్డు, మజ్జిగ పెట్టండి. ఇదీ ఒక్కరోజులో కాదు, డాక్టరు మందు మోతాదు సరిచేశాకే. లేకపోతే మళ్లీ తోటలో చెమటలే.

జొన్న రొట్టె మంచిదే, పాలమూరు పెద్దవాళ్లు దానిమీదే బతికారు. అది నెమ్మదిగా అరుగుతుంది, రెండు తింటే కడుపు నిండుతుంది. కానీ జొన్నల్లో కూడా బరువులో మూడింట రెండు వంతులకు పైగా పిండిపదార్థమే. రొట్టెలు నాలుగు తిని, ‘ఇది లెక్కలోకి రాదు’ అని పైన అన్నం కూడా తినేవాళ్లను చూసి చెబుతున్నాను.

ఇంట్లో కాసే బత్తాయి గురించి భయం వద్దు. రోజుకు ఒకటి, తొనలుగా, పీచుతో తినమనండి. రసం తీస్తే గ్లాసుకు మూడు నాలుగు కాయలు పడతాయి, పీచు పోతుంది, పైగా చక్కెర వేయందే మన చేతులు ఊరుకోవు. ఈ సీజన్‌లో బాలానగర్ సీతాఫలాలు కూడా వస్తాయి. అవి బత్తాయి కంటే చాలా తీపి. పెద్ద కాయైతే సగం, అదీ బత్తాయి తినని రోజున.

ఇవన్నీ నా మాట మీద నమ్మాల్సిన పని లేదు. మిషన్ ఉంటే మీరే చూడండి. ఒకరోజు మూడు కప్పుల అన్నం పెట్టిన రెండు గంటలకు, ఇంకోరోజు ఒకటిన్నర కప్పు పెట్టిన రెండు గంటలకు వేలు గుచ్చి చూసి కాగితం మీద రాయండి. కూరలు రెండు రోజులూ ఒకేలా ఉండాలి. ఆ కాగితం డాక్టరుకు కూడా పనికొస్తుంది. స్ట్రిప్పులు ఖరీదే, రోజూ గుచ్చక్కర్లేదు.

మిగిలింది మీ బరువు. మీకు షుగర్ లేదనుకుంటూ చెబుతున్నాను. బరువు తగ్గడానికి ఈ గోలీల మీద ఆధారపడొద్దని 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. దీర్ఘకాలంలో వాటితో బరువు తగ్గినట్టు కనిపించలేదన్నది దాని వాదన. ఆ సూచన ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లకు వర్తించదని కూడా అందులోనే ఉంది. వార్తల్లో ఆ సగం పోయింది. అందుకే ఒకే ఇంట్లో ఆయనకు గోలీ సరే అంటున్నాను, మీకు అక్కర్లేదంటున్నాను. మీరు చక్కెరే వేసుకోండి, రెండు చెంచాలు వేసేచోట ఒకటి. పిల్లలకు గోలీలు అలవాటు చేయొద్దు. మనవలు చాక్లెట్ అనుకుని డబ్బా తీసే రకమైతే పైన పెట్టండి.

మీకు షుగర్ లేదని ‘అనుకుంటూ’ అన్నాను, ఎందుకంటే పరీక్ష చేయించుకున్నట్టు మీరు రాయలేదు. ముప్పై దాటిన వాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య ఉపకేంద్రాల్లో షుగర్, బీపీ పరీక్షలు ఉచితంగా చేస్తారు. మీ ఊరి ఆశా వర్కర్‌ను అడగండి. పరగడుపున 100 లోపు ఉంటే మంచిది, 126 గానీ అంతకు మించి గానీ వస్తే ఇంకోసారి చేయించి ఖాయం చేసుకోవాలి, మధ్యలో ఉంటే ఇప్పటి నుంచే జాగ్రత్త పడాలి. బావగారిని ఈ వారం ఎలాగూ తీసుకెళ్తున్నారు, ఆ పొద్దున మీరు చాయ్ తాగకుండా బయల్దేరి ఈ పరీక్ష చేయించుకోండి. గోలీ వేసిన చాయ్ కూడా వద్దు, అందులో పాలుంటాయి.